నేపాలీ కొట్టులో సరుకులు కొనడం ఎలా? ముందు టిముర్ సంగతి చూడండి

డాలస్ పక్కన ఇర్వింగ్, యూలెస్ వైపు ఉండే మనవాళ్లకు నేపాలీ కొట్టు కొత్త కాదు. వెళ్తారు, ఫ్రీజర్‌లోంచి మొమోలు, అరలోంచి వైవై నూడుల్స్ తీసుకుని వచ్చేస్తారు. ఆ వంట ఇంట్లో చేద్దామనుకున్న రోజు మాత్రం ఏది కొనాలో తెలియక ఏదో ఒకటి తెచ్చి పాడుచేస్తారు.

1. మొదటిసారి మూడే కొనండి: టిముర్ (మిరియాల్లా ఉండే, నాలుక తిమ్మిరెక్కించే మసాలా దినుసు), జింబు (పోపులో వేసే ఎండు ఆకు), గుంద్రుక్ (పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర). మిగతావి చాలావరకు మనింట్లో ఉన్నవే. చ్యూరా అంటే అటుకులు, జ్వానో అంటే వాము, కోదో అంటే రాగులు, మాస్ అంటే మినుములు. పేరు కొత్తగా ఉందని ఉన్న సరుకే మళ్లీ కొనకండి.

2. కనబడకపోతే అడగండి. కౌంటర్‌లో ఆవిడ ఉంటే "దిదీ, టిముర్ ఛ?" (టిముర్ ఉందా?) అనండి, మగాయన అయితే "దాయ్" అనండి. మన అక్కా, అన్నా లాంటి పిలుపులే. ఇలా అడిగితే లోపలి నుంచి కొత్త ప్యాకెట్ తెచ్చి ఇచ్చినవాళ్లు ఉన్నారు.

3. ఇక టిముర్. తొందరపడకూడనిది ఇక్కడే.

పొడి కొనకండి. ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. నేను మొదట్లో ఒక కొట్టులో పొడి కొని, చుట్టాలు వచ్చిన రోజు ఆలూ అచార్‌లో (నేపాలీ బంగాళాదుంపల పచ్చడి) కలిపాను. రంపపు పొట్టు కలిపినట్టుంది. గిన్నెడు బంగాళాదుంపలు పారేయాల్సి వచ్చింది. దాని వాసనంతా పైతొక్కలోని నూనెలోనే ఉంటుంది, పొడి చేసి ఉంచితే ఎగిరిపోతుంది.

ప్యాకెట్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. నోరు తెరుచుకున్న ముదురు గోధుమరంగు తొక్కలు ఎక్కువ కనబడాలి. నల్లగా నిగనిగలాడే గింజలు అడుగున గుట్టగా చేరి ఉంటే పక్కన పెట్టేయండి. ఆ గింజకు రుచి ఉండదు, ఎంత నూరినా పంటికింద ఇసుకలా తగులుతుంది.

ఇంటికి రాగానే ఒక తొక్క అరచేతిలో నలిపి వాసన చూడండి. నిమ్మతొక్క గిల్లినట్టు గుప్పుమనాలి. తర్వాత ముందుపళ్లతో కొరికి అర నిమిషం ఆగండి. నాలుక కొస జివ్వుమని తిమ్మిరెక్కాలి. టిముర్, తిమ్మిరి, ఇలా గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు. చేదు తప్ప ఇంకేమీ తెలియకపోతే అది పాత సరుకు, మరోసారి ఆ కొట్టులో టిముర్ కొనకండి.

"చైనా షాపులో సిచువాన్ మిరియాలు దొరుకుతాయిగా, అవే వేస్తే పోలేదా?" అంటారు కొందరు. కుదరదు. రెండూ ఒకే కుటుంబంలోవే అయినా వాసన వేరు. ఆలూ అచార్‌లో నువ్వులపొడి, నిమ్మరసం, నల్లబడేదాకా వేగిన మెంతుల పోపు పక్కన నిలబడేది టిముర్ వాసనే.

వాడేముందు పళ్లెంలో పోసి గింజలు, పుల్లలు, ముళ్లు ఏరండి. సన్నసెగ మీద నిమిషంలోపే వేడిచేసి, చల్లారాక దంచండి. అరకిలో బంగాళాదుంపలకు అర టీస్పూన్ చాలు.

4. జింబు ఎండుగడ్డి పరకల్లా ఉంటుంది. నేపాల్‌లోని ముస్తాంగ్ లాంటి ఎత్తు ప్రాంతాల్లో పెరిగే ఉల్లిజాతి ఆకు. చిన్న ప్యాకెట్ చాలు. మినపపప్పు దాల్‌కు నెయ్యిలో చిటికెడు వేసి వెంటనే దించాలి, మాడితే చేదు. గుంద్రుక్ అంటే పులియబెట్టి ఎండబెట్టిన ఆవాకు, ముల్లంగి ఆకు. పుల్లటి వాసన ఉండాలి, పట్టుకుంటే పెళుసుగా విరగాలి. మెత్తబడితే వద్దు.

5. నేపాలీ వంటలో వాడే ఆవనూనె సీసా మీద 'ఒంటికి రాసుకోవడానికి మాత్రమే' అని ఉంటుంది. ఎరూసిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువని అమెరికాలో దాన్ని వంటనూనెగా అనుమతించలేదు. నేను కొనను. ఆవాలు నూరి మామూలు నూనెలో కలుపుతాను, కావలసిన ఘాటు వస్తుంది.

టిముర్‌ను మూత గట్టిగా ఉన్న గాజుసీసాలో పోసి విడిగా పెట్టండి. పోపులపెట్టెలో పెడితే రెండో రోజుకల్లా జీలకర్ర కూడా అదే వాసన కొడుతుంది.