ఉబుంటులో తెలుగు, ఒడియా: ఒక్కసారి నేర్చుకుంటే రెండూ కొట్టొచ్చు

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో ఉండేవాళ్ళకి రెండు లిపులూ కావాలి. ఆఫీసుకి పెట్టే అర్జీ ఒడియాలో, పాతపట్నం మేనమామకి పంపే శుభలేఖ తెలుగులో. మా చెల్లెలి పెళ్ళప్పుడు శుభలేఖ మేటరు బయట కొట్టించి తెస్తే, అది పాత ఫాంటులో ఉండటంవల్ల మా ఇంటి ఉబుంటులో (విండోస్ బదులు కంప్యూటర్లో వాడే ఉచిత వ్యవస్థ) తెరవగానే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోయాయి, ముహూర్తం చూస్తే దగ్గరకొచ్చేసింది, ఒకటే టెన్షన్. ఆ రాత్రి కూర్చుని మొత్తం యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే పద్ధతిలో, నేనే కొట్టాను. అప్పట్నుంచి ఇంకొకరి మీద ఆధారపడలేదు.

సెట్టింగ్స్ తెరిచి కీబోర్డ్‌లోకి వెళ్ళండి. ఇన్‌పుట్ సోర్సెస్ కింద ప్లస్ గుర్తు ఉంటుంది, అది నొక్కి తెలుగు వెతికి చేర్చండి. జాబితాలో కనబడకపోతే మూడు చుక్కలు నొక్కాలి. ఒడియాని కూడా అలాగే చేర్చండి, ఒరియా అనే పాత పేరుతో ఉండొచ్చు చూసుకోండి. ఇంగ్లీషుని మాత్రం తీసెయ్యకండి, పైన మొదటి వరసలోనే ఉంచండి, లేకపోతే పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెలుగు అక్షరాలు పడి లోపలికి వెళ్ళలేక అవస్థ పడతారు. సూపర్ మీట, అంటే విండోస్ బొమ్మ ఉన్నది, పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది.

ఇలా మామూలుగా వచ్చే మీటల అమరిక పేరు ఇన్‌స్క్రిప్ట్. చాలామంది దీన్ని చూసి భయపడి, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతికి వెళ్ళిపోతారు. మన సరిహద్దు వాళ్ళకి మాత్రం ఇన్‌స్క్రిప్టే మేలని నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే భారతీయ లిపులు దాదాపు అన్నిటికీ ఒకే అమరిక. కె మీట మీద తెలుగులో క, ఒడియాలోనూ క. షిఫ్ట్‌తో నొక్కితే రెండిట్లోనూ ఖ. గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు. ఒత్తు కావాలంటే మధ్యలో డి నొక్కాలి, అదే పొల్లు.

ప్రసాదం అని కొట్టి చూడండి: హెచ్, డి, జె కొడితే ప్ర, ఎం, ఇ కొడితే సా, ఓ కొడితే ద, చివర ఎక్స్ కొడితే సున్నా. ఇప్పుడు ఒడియాకి మార్చి ఆ ఎక్స్ ఒక్కటి వదిలేసి మిగతావి అవే కొట్టండి, ఒడియా లిపిలో ప్రసాద వచ్చేస్తుంది! ఒక తేడా గుర్తుపెట్టుకోండి, ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, అందుకే జెడ్ మీద ఉండే పొట్టి ఎత్వం తెలుగుకి మాత్రమే. నాకు చెయ్యి తిరగడానికి పది రోజులు పట్టింది, మీటల మీద చిన్న కాగితం ముక్కలు అంటించుకున్నాను.

పెద్దవాళ్ళు మేం నేర్చుకోలేమంటే టెర్మినల్లో, అంటే ఆదేశాలు కొట్టే కిటికీలో, sudo apt install ibus-m17n అని కొట్టి, లాగౌట్ అయి మళ్ళీ రండి. ఇందాకటి ప్లస్ నొక్కితే వచ్చే జాబితాలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఐట్రాన్స్ చేరుతుంది. అందులో చిన్న టి, ఎ కొడితే త, పెద్ద టి, ఎ కొడితే ట.

ఉత్తరాలు, అర్జీలు రాసుకునే లిబ్రెఆఫీస్‌లో ఇంకో చిక్కు ఉంది. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లోకి (కొత్త వెర్షన్లలో లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్) వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర తెలుగు ఎంచుకోండి, లేకపోతే మీ తెలుగుని వేరే భాష అనుకుని స్పెల్లింగ్ తప్పులు చూపించొచ్చు. ఒక కిటికీలో అర్జీ, ఇంకోదాంట్లో శుభలేఖ పెట్టుకుని పనిచేసేవాళ్ళు కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ప్రతి విండోకీ వేరే భాష అనేది ఆన్ చేసుకోండి, అటూ ఇటూ మారినప్పుడల్లా సూపర్, స్పేస్ నొక్కక్కర్లేదు.