రేపటి గిరాకి ఎక్కడ పుడుతుందో ముందే పట్టుకోవడం ఎలా: మన పాలమూరు, నల్లగొండ లెక్క

వనపర్తి 2016 అక్టోబర్‌లో జిల్లా అయింది. మరుసటి ఏడాదే నేను అప్పటి కలెక్టరేట్ దగ్గర ఒక షట్టరు కిరాయికి తీసుకుని జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు పెట్టాను. లాక్‌డౌన్ రోజులు పోను గిరాకి మస్తుగానే నడిచింది, ఆ ధైర్యంతో రెండో మెషిన్ కూడా కొన్నాను, దాని కిస్తీలు తీరకముందే 2022 మార్చిలో కొత్త కలెక్టరేట్ ప్రారంభమై ఆఫీసులు అటు పోయాయి. నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. కొత్త భవనం లేస్తున్న సంగతి తెలియక కాదు, బండి మీద పోతూ రోజూ చూసిందే. చూసినదాన్ని లెక్కలో వేసుకోలేదు, అంతే.

అందుకే చెబుతున్నా, రాబోయేదాన్ని పసిగట్టడానికి జాతకాలు తెలియాల్సిన పని లేదు. మన దగ్గర వచ్చే ఐదేళ్లలో గిరాకిని అటూ ఇటూ చేసేవాటిలో చాలావరకు ఇప్పటికే కాగితం మీదకో మట్టిలోకో ఎక్కి ఉన్నాయి. వాటికి ఎన్నేళ్లు పడుతుందో, అప్పుడు వాటి పక్కన ఏం కావాల్సి వస్తుందో చూసుకోవడమే మన పని.

ముందు విన్న ప్రతి కబురునూ మూడు కుప్పలు చేయండి: మాట, కాగితం, మట్టి. స్టేజీ మీద నాయకుడు అన్నది మాట. నోటిఫికేషన్, టెండరు లాంటివి కాగితం. నేల మీద పని మొదలైతే మట్టి. చౌటుప్పల్ చుట్టుపక్కల, హైదరాబాద్ చుట్టూ వేయాలనుకున్న రీజినల్ రింగ్ రోడ్డు పేరు వినగానే ప్లాట్ల బోర్డులు లేచాయి కదా, అప్పుడు అడగాల్సింది ఒకటే, భూసేకరణ ఏ దశలో ఉందని. జాతీయ రహదారుల చట్టంలో 3ఏ నోటిఫికేషన్ అంటే భూమి తీసుకోవాలనుకుంటున్నామని చెప్పడం, దాని మీద 21 రోజుల్లో అభ్యంతరాలు పెట్టుకోవచ్చు. 3డి వస్తేనే ఆ భూమి కేంద్రానిది అవుతుంది, 3ఏ తర్వాత ఏడాదిలో అది రాకపోతే మొదటిది చెల్లదు. ఇంత చిన్న తేడా తెలియక అడ్వాన్సులు ఇచ్చి ఆగమైనవాళ్లు ఉన్నారు. పేపర్లో జిల్లా పేజీ టెండరు ప్రకటనలు ఎవరూ చదవరు, మీరు చదవండి.

కాగితం పక్కా అయినా కాలం లెక్క తప్పితే మునిగిపోతాం. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటుకు 2015లో శంకుస్థాపన జరిగితే అందులో మొదటగా ఒక యూనిట్ జాతికి అంకితమైంది 2024 డిసెంబర్‌లో. అన్నేళ్లు కిరాయి కట్టుకుంటూ ఎవరు ఎదురుచూస్తారు? ఇంకో సంగతి, కట్టేటప్పుడు వచ్చే జనం వేరు, కట్టాక ఉండే జనం వేరు. కట్టేటప్పుడు వేల మంది కూలీలు, వాళ్లకు మెస్సు, సిమ్ములు, చెప్పులు, ఊరికి పైసలు పంపే షాపు కావాలి. కట్టాక ఉండేది కొద్దిమంది ఉద్యోగులు, వాళ్లకు స్కూలు, ఇల్లు, కారు కడిగేవాడు కావాలి. మొదటివాళ్ల కోసమైతే రేకుల షెడ్డు చాలు, స్లాబు వేయకండి.

అసలు నాకు బాగా నచ్చేది మట్టిలోకి ఎక్కిన లెక్క, అది అబద్ధం చెప్పదు. ఆయిల్ పామ్‌నే తీసుకోండి. 2021లో కేంద్రం వంటనూనెల మిషన్ పెట్టాక మన జిల్లాల్లోనూ మొక్కలు జోరుగా నాటారు. ఎకరానికి 57 మొక్కలు, కాపు నాలుగో ఏడు నుంచి. అంటే ఏ ఊళ్లో ఏ సంవత్సరం ఎన్ని ఎకరాలు నాటారో హార్టికల్చర్ ఆఫీసులో కనుక్కుంటే, ఏ సంవత్సరం అక్కడ గెలలు దిగుతాయో వేళ్ల మీద చెప్పొచ్చు. మీ మండలంలో వెయ్యి ఎకరాలు ఉంటే 57 వేల చెట్లు, గెలలు పది పదిహేను రోజులకోసారి కోయాలి కాబట్టి ప్రతి చెట్టు కిందకీ మనిషి నెలకు రెండుసార్లయినా పోవాలి, అదీ ఏడాది పొడవునా. కోసిన గెల ఒక రోజులో మిల్లుకు చేరాలి, ఆలస్యమైతే నూనె నాణ్యత పడిపోతుంది. పత్తి ఏరే చేతులకు ఈ పని వెంటనే రాదు, చెట్టు ఎదిగేకొద్దీ పొడుగు కర్రకు కొడవలి కట్టి కోయాలి. కాబట్టి ఇక్కడ వ్యాపారం తోట వేయడం ఒక్కటే కాదు. పది మందికి కోత నేర్పి, ఒక బొలెరో పెట్టుకుని, రైతులతో టన్నుకు ఇంత అని మాట్లాడుకునేవాడికి గిరాకి ఉంటుంది. ముంబై, పుణె పోయి మందిని నడిపి వచ్చిన మన గుంపు మేస్త్రీలకు ఈ లెక్క నాకంటే బాగా తెలుసు.

ఇంకో రకం మార్పు రాత్రికి రాత్రే వస్తుంది. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ పైసలు లేకుండా అయింది. అప్పుడు అందరూ ఆటోవాళ్ల గురించే మాట్లాడారు, అది న్యాయమైన బాధే. కానీ ఇలాంటప్పుడు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటా: ఎవరి చేతిలో పైసలు మిగిలాయి, ఎవరి కాలు ఎటు మళ్లింది? టికెట్ పైసలు మిగిలిన అక్క అరమీటరు జాకెట్ పీసు కోసం కూడా జడ్చర్లకు పోతుంది. ఊళ్లో ఫ్యాన్సీ షాపుకు దెబ్బ, బస్టాండు పక్క బేకరీకి పండుగ. బ్యాగులు పెట్టుకునే చోటు, చంటిపిల్లలతో కూర్చునే జాగ, శుభ్రమైన బాత్రూమ్, ఇవి చాలా బస్టాండ్ల దగ్గర ఇప్పటికీ సరిగ్గా లేవు. ఎవరైనా పెట్టండయ్యా.

ఐడియా తట్టాక ఇంట్లో కూర్చుని మురిసిపోకుండా, పెట్టాలనుకున్న జాగలో రెండు రోజులు నిలబడండి. ఒకటి అంగడి రోజు, ఒకటి మామూలు రోజు. నోటుబుక్కులో గీతలు పెట్టండి. కిరాయి 6,000, పిల్లగాని జీతం 9,000, కరెంటు 1,500, మీ ఇంటి ఖర్చుకు 15,000 అనుకుంటే నెలకు 31,500. మనిషికి 15 రూపాయలు మిగిలితే రోజుకు 70 మంది లోపలికి రావాలి. మీ గీతల్లో ఆ దారిన పోయేవాళ్లే రెండొందలు ఉంటే అందులో 70 మంది వస్తారా అన్నది మీ మనసుకే తెలుసు.

కిరాయి అగ్రిమెంట్ 11 నెలలకే రాయించుకోండి, మెషిన్లు మొదట సెకండ్ హ్యాండ్. బుక్కు మొదటి పేజీలో ఎప్పుడు ఎత్తేయాలో కూడా రాయండి, "ఆఫీసు మారిన నెల", "ఇదే వీధిలో మూడో బోర్డు లేచిన నెల" ఇట్లా. నేను రాసుకోలేదు.

ఇప్పుడు నా కన్ను మిద్దెల మీద ఉంది. 2024లో వచ్చిన సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, బిగించేవాళ్లు చాలామందే ఉన్నారు. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి, ఇన్వర్టర్ అంతకాలం రాదు, మన ఎండాకాలం దుమ్ముకు కడగడం తప్పదు. ఆ కడిగే, బాగుచేసే పనికి మనిషి కావాలి. దేవరకద్ర వైపు పోయినప్పుడల్లా లెక్కపెడుతున్నా, పోయిన నెల రోడ్డు పక్కన సోలార్ పెట్టిన పదకొండు మిద్దెలు కనబడ్డాయి. నలభై దాటితే మా బామ్మర్దితో మాట్లాడాలి, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఖాళీగా ఉన్నాడు.