మాగ్నెటో పాఠాలు – 4: రన్-అప్‌లో ఆర్పీఎం పడిపోతే

పోయిన భాగంలో విమానం ఇంజిన్‌కు స్పార్క్ పుట్టించే మాగ్నెటోను బల్ల మీద పెట్టి విప్పి చూశాం. తిరిగే అయస్కాంతం, పక్కన కాయిల్, తెరుచుకుని మూసుకునే పాయింట్లు, కండెన్సర్, స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్. సైకిల్ డైనమోకు బ్యాటరీ అక్కర్లేనట్టే దీనికీ అక్కర్లేదని, విమానంలో కరెంటు మొత్తం పోయినా ఇంజిన్ ఆగకుండా నడిచేది అందుకేనని చెప్పుకున్నాం. ఇవాళ స్పానర్ పట్టుకోకముందు చేయాల్సిన పని నేర్చుకుందాం. ఒక మాగ్నెటోను ఆపినప్పుడు ఇంజిన్ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత పడిందో, అంటే మాగ్ డ్రాప్, చూసి లోపం ఏ మూల ఉందో చెప్పగలగడం. నా దృష్టిలో ఈ పాఠాలన్నిటిలో ముఖ్యమైనది ఇదే.

ఉదాహరణకు సెస్నా 172పి తీసుకుంటున్నాను. లైకామింగ్ ఓ-320 ఇంజిన్, నాలుగు సిలిండర్లు, రెండు మాగ్నెటోలు, సిలిండర్‌కు రెండేసి చొప్పున ఎనిమిది ప్లగ్గులు. కాక్‌పిట్‌లో కూర్చుని ముందుకు చూస్తే కుడి వైపు ముందుది 1వ సిలిండర్, దాని వెనక 3. ఎడమ వైపు ముందుది 2, వెనకది 4. స్పార్క్ పడే వరస 1-3-2-4.

ఇప్పుడు స్విచ్ చూడండి. ఆఫ్, ఆర్ (కుడి), ఎల్ (ఎడమ), బోత్ (రెండూ), స్టార్ట్. కారు తాళానికి అలవాటు పడ్డవాళ్లు ఇక్కడే పొరబడతారు. కారులో ఆఫ్ చేస్తే ఇగ్నిషన్‌కు వెళ్లే కరెంటు తెగిపోతుంది. మాగ్నెటోను ఆఫ్ చేయడమంటే తీగను ఎర్త్‌కు కలపడం. మాగ్నెటో నుంచి స్విచ్ దాకా వచ్చే ఈ తీగను పి-లీడ్ అంటారు. అది ఎర్త్ అయితేనే స్పార్క్ ఆగుతుంది. కాబట్టి తాళం 'ఆర్' దగ్గర ఉందంటే ఎడమ మాగ్నెటో ఎర్త్ అయిపోయింది, కుడిది ఒక్కటే పని చేస్తోంది అని అర్థం. ఇది నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఇది తిరగబడితే పాఠమంతా తిరగబడుతుంది.

రన్-అప్‌లో, అంటే ఎగిరే ముందు నేల మీద ఇంజిన్‌ను పరీక్షించేటప్పుడు, ఈ విమానానికి 1700 ఆర్పీఎం పెట్టి బోత్ నుంచి ఆర్‌కు, మళ్లీ బోత్‌కు, తర్వాత ఎల్‌కు, మళ్లీ బోత్‌కు తిప్పుతాం. ఒక్కో మాగ్నెటో మీద డ్రాప్ 125 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. కొత్త 172ఎస్‌లో అయితే 1800 దగ్గర పరీక్ష, హద్దు 150, తేడా మాత్రం అదే 50. మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఉన్న అంకెనే వాడండి, పక్క విమానం అంకె పనికిరాదు.

అసలు ఆర్పీఎం ఎందుకు పడాలి? రెండు ప్లగ్గులూ వెలిగితే మంట రెండు వైపుల నుంచి మొదలై మధ్యలో కలుస్తుంది. ఒక్కటే వెలిగితే మంట ఆ చివరి దాకా ఒంటరిగా ప్రయాణించాలి. మండటం ఆలస్యమవుతుంది, పిస్టన్ మీద పడే ఒత్తిడి తగ్గుతుంది, ఇంకా మండుతున్న గ్యాస్ బయటికి పోతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. అంటే కొంచెం డ్రాప్ రావడం ఆరోగ్య లక్షణం. చాలామంది విద్యార్థులు అంకె ఒక్కటే చూసి, హద్దు లోపల ఉంటే బాగుందని, దాటితే పాడైందని రాసేస్తారు. అంకెతో పాటు అది ఎలా పడిందో కూడా చూడండి. సాఫీగా పడిందా, మిస్ కొడుతూ పడిందా, అసలు పడలేదా? ఒక్కోదానికి వెతకాల్సిన చోటు వేరు.

సాఫీగా పడి, హద్దు దాటిందనుకోండి. ఇంజిన్ వణకడం లేదు, మిస్సింగ్ లేదు. నాలుగు సిలిండర్లూ సమానంగా నీరసపడ్డాయన్నమాట. ముందు మిక్స్చర్ (గాలి, పెట్రోలు మిశ్రమం) మరీ రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువై, ఉందేమో కొంచెం లీన్ చేసి (పెట్రోలు తగ్గించి) మళ్లీ చూడండి. అయినా తేడా రాకపోతే స్పార్క్ పడే సమయం, అంటే టైమింగ్, వెనక్కి జరిగి ఉండొచ్చు. పాయింట్లను నెట్టే ఫైబర్ ముక్క అరిగితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ వెనక్కి జరుగుతుంది. పాయింట్ల ముఖాలు కాలి అరిగితే త్వరగా తెరుచుకుంటాయి, స్పార్క్ ముందుకు జరుగుతుంది. టైమింగ్ సరిచేయడం ఆరో భాగంలో చూద్దాం.

మిస్ కొడుతూ పడితే మాత్రం ఒక సిలిండర్‌లో ఒక ప్లగ్ వెలగడం లేదు. మీ ముందుకు వచ్చే స్నాగ్‌లలో (విమానంలో కనబడే లోపాల్ని ఇలా అంటారు) ఎక్కువ ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. మనం వాడే విమాన పెట్రోలు ఏవీగ్యాస్ 100ఎల్ఎల్‌లో సీసం ఉంటుంది, లీటరుకు 0.56 గ్రాముల వరకు. టాక్సీయింగ్‌లో (విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు) మిక్స్చర్ పూర్తి రిచ్‌లో, తక్కువ ఆర్పీఎంలో ఎక్కువసేపు నడిపితే ఆ సీసం ప్లగ్గులో పేరుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో వరసగా మూడు విమానాలు రన్‌వే కోసం కాచుకుని ఉన్న రోజున ఈ స్నాగ్ తప్పకుండా వస్తుంది. ఆర్పీఎం 2000 దాకా పెంచి, మిక్స్చర్‌ను మెల్లగా లీన్ చేసి, సిలిండర్ హెడ్ టెంపరేచర్ గమనిస్తూ ఒక నిమిషం అలా ఉంచి, మళ్లీ రిచ్ చేసి పరీక్షించండి. పేరుకున్నది కాలిపోతే మిస్సింగ్ పోతుంది. పోకపోతే హ్యాంగర్‌కు తిరిగి రావాల్సిందే. గాల్లోకి వెళ్తే అదే సర్దుకుంటుందని ఎవరైనా అంటే వినకండి.

హ్యాంగర్‌కు వచ్చాక నాలుగు సిలిండర్లలో ఏదో తేల్చాలి. దీనికి చల్లని సిలిండర్ పరీక్షను మించింది లేదు. ఇంజిన్ బాగా చల్లారనివ్వండి. స్టార్ట్ చేసి వెంటనే లోపం ఉన్న మాగ్నెటో మీదికి తిప్పి, ఒక నిమిషం లోపు నడిపి, అదే మాగ్నెటో మీద ఉండగానే మిక్స్చర్ లాగి ఆపేయండి. ఆపేముందు అలవాటు కొద్దీ బోత్‌కు తిప్పారో, వెలగని సిలిండర్ కూడా వేడెక్కి పరీక్ష మొత్తం వృథా అవుతుంది. ఇంజిన్ ఆగాక స్విచ్ ఆఫ్ చేసి, తాళం జేబులో వేసుకుని, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక్కో సిలిండర్ దగ్గర ఎగ్జాస్ట్ గొట్టం వేడి చూడండి. మూడు మండిపోతూ ఒకటి మాత్రం చల్లగా ఉంటే దొరికినట్టే. చేత్తో ముట్టుకుని చూసే పాత పద్ధతి వద్దు, చెయ్యి కాలుతుంది.

ఉదాహరణకు ఆర్ మీద మిస్ కొట్టింది, 2వ సిలిండర్ చల్లగా ఉంది. చాలా లైకామింగ్ ఇంజిన్లలో ఒక్కో మాగ్నెటో తన వైపు పై ప్లగ్గులకు, అవతలి వైపు కింది ప్లగ్గులకు స్పార్క్ ఇస్తుంది. 2వ సిలిండర్ ఎడమ వైపుది, కాబట్టి కుడి మాగ్నెటో తీగ దాని కింది ప్లగ్గుకు వెళ్లాలి. నా మాట నమ్మి ఊరుకోకండి, మాగ్నెటో దగ్గర తీగ పట్టుకుని ప్లగ్ దాకా వేలితో వెంట వెళ్లి చూడండి. ఇప్పుడు ఆ సిలిండర్ పై ప్లగ్గును కిందికి, కింది ప్లగ్గును పైకి మార్చి బిగించి మళ్లీ రన్-అప్ చేయండి. మిస్సింగ్ ఆర్ నుంచి ఎల్‌కు మారితే ప్లగ్గే దోషి, ఎందుకంటే ప్లగ్గుతో పాటు లోపం అవతలి మాగ్నెటోకు వెళ్లింది. ఆర్‌లోనే ఉండిపోతే ప్లగ్ మంచిదే, తీగనో డిస్ట్రిబ్యూటర్‌నో చూడాలి.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. నేను నేర్చుకునే రోజుల్లో ఇలాంటి స్నాగ్‌కు తొందరలో రెండు ప్లగ్గులూ, తీగా కలిపి మార్చేశాను. మిస్సింగ్ పోయింది, విమానం ఎగిరింది, నేను సంతోషించాను. కానీ మూడింటిలో ఏది పాడైందో నాకు తెలియలేదు. మంచి ప్లగ్గులతో పాటు పాడైన తీగను కూడా 'బాగుంది' అన్న చీటీతో షెల్ఫ్‌లో పెట్టాను. రెండు వారాల తర్వాత అదే తీగ ఇంకో విమానానికి ఎక్కింది, అదే స్నాగ్ తిరిగొచ్చింది.

ప్లగ్ విప్పినప్పుడు దాని ముఖం వెలుతురులో పెట్టి చూడండి. సీసం పట్టిన ప్లగ్గులో ఆవగింజంత బూడిదరంగు పూసలు ఎలక్ట్రోడ్ల మధ్య ఇరుక్కుని కనిపిస్తాయి. ఆయిల్ పట్టినదైతే నల్లగా, తడిగా మెరుస్తుంది, వేలికి అంటుకుంటుంది. కింది ప్లగ్గులకే ఇవి ఎక్కువ పడతాయి, ఆయిల్ కిందికే దిగుతుంది కదా. పూసల్ని వైబ్రేటర్ పనిముట్టుతో జాగ్రత్తగా తీయాలి, మధ్యలో ఉన్న పింగాణీకి దెబ్బ తగలకూడదు. మల్టీమీటర్‌తో ప్లగ్ లోపలి రెసిస్టర్ చూడండి. 5000 ఓమ్స్ దాటితే పక్కన పెట్టేయండి, చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా సరే. మామూలు మాసివ్ ఎలక్ట్రోడ్ ప్లగ్గుకు గ్యాప్ 0.016 నుంచి 0.021 అంగుళం. బిగించేటప్పుడు రాగి వాషర్ కొత్తది వేయండి, లైకామింగ్‌కు టార్క్ 35 ఫుట్-పౌండ్లు. నేల మీద పడిన ప్లగ్గును మళ్లీ వాడొద్దు. లోపల పింగాణీ చిట్లితే కంటికి కనిపించదు.

ఇక డ్రాప్ అసలు రాకపోవడం. ఆర్‌కు తిప్పారు, ముల్లు కదల్లేదు. ఎల్‌కు తిప్పితే మామూలుగా 70 పడింది. కొత్తవాళ్లు సంతోషిస్తారు, నాకైతే అప్పుడే టెన్షన్ మొదలవుతుంది. ఆర్ అంటే ఎడమ మాగ్నెటో ఆగాలి. ముల్లు కదల్లేదంటే అది ఆగలేదని, రెండూ నడుస్తూనే ఉన్నాయని అనుమానించాలి. ఎడమ పి-లీడ్ ఎక్కడో తెగింది, లేదా స్విచ్ లోపల ఎర్త్ కలవడం లేదు. అంటే తాళం తీసి జేబులో వేసుకున్నా ఆ మాగ్నెటో బతికే ఉంటుంది. సిలిండర్‌లో కొంచెం పెట్రోలు ఆవిరి మిగిలి ఉండి, ఎవరైనా ప్రొపెల్లర్‌ను చేత్తో కొద్దిగా తిప్పితే చాలు, ఇంజిన్ అందుకుంటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. అందుకే ఏ ప్రొపెల్లర్‌నైనా, ఎప్పుడైనా, కరెంటున్న తీగలాగే చూడండి.

ఇది కనిపెట్టడానికి ఇంజిన్ ఆపే ముందు ఐడిల్‌లో (అతి తక్కువ వేగంలో) పెట్టి, తాళాన్ని ఒక్క క్షణం ఆఫ్‌కు తిప్పి వెంటనే బోత్‌కు తేవాలి. ఇంజిన్ ఆగిపోబోయి మళ్లీ అందుకుంటే రెండు పి-లీడ్లూ పని చేస్తున్నాయి. ఆఫ్‌లో కూడా నడుస్తూ ఉంటే ఒక మాగ్నెటో ఎర్త్ కావడం లేదు. స్విచ్‌లే ఇలా మోసం చేసిన సందర్భాలున్నాయి కాబట్టే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1976లో బెండిక్స్ ఇగ్నిషన్ స్విచ్‌ల మీద 76-07-12 నంబరు ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్ (తప్పనిసరి భద్రతా ఆదేశం) ఇచ్చింది, ప్రతి 100 గంటలకు పరీక్షించమంది.

తెగింది ఎక్కడో మల్టీమీటర్ చెబుతుంది. కానీ వరస తప్పకూడదు. ముందు ప్రొపెల్లర్ దగ్గర మనుషుల్ని దూరం పంపి, పై ప్లగ్గులు విప్పేసి, ఆ తర్వాతే మాగ్నెటో దగ్గర పి-లీడ్ ఊడదీయండి. ఊడదీసిన క్షణం నుంచి ఆ మాగ్నెటోను ఆపేది ఏదీ లేదని గుర్తుంచుకోండి. ఊడదీయకుండా కొలిస్తే మాత్రం ఫలితం తప్పు వస్తుంది. లోపలి ప్రైమరీ కాయిల్ రెసిస్టెన్స్ చాలా తక్కువ, దాని గుండానే ఎర్త్ దొరికి తీగ బాగున్నట్టు మీటర్ చూపిస్తుంది. ఊడదీసిన తీగ చివర ఒక ప్రోబ్, ఇంజిన్ బాడీకి ఇంకోటి పెట్టండి. ఆఫ్‌లో సున్నాకు దగ్గరగా, బోత్‌లో అనంతం చూపాలి. ఆఫ్‌లో అనంతం చూపిస్తే తెగింది. బోత్‌లో కూడా సున్నా చూపిస్తే దానికి వ్యతిరేకం, తీగ చుట్టూ ఉండే షీల్డు అల్లికలోని సన్నటి వెంట్రుక ఒకటి మధ్య తీగకు తగిలి మాగ్నెటోను ఎప్పుడూ ఎర్త్ చేస్తోంది. ఆ మాగ్నెటో మీదికి తిప్పగానే ఇంజిన్ ఆగిపోయే స్నాగ్‌కు ఇదొక కారణం. మాగ్నెటో పాడైందని విప్పి పంపేముందు ఈ వెంట్రుక కోసం చూడండి.

ఇవన్నీ లైసెన్స్ ఉన్న ఇంజినీర్ పక్కన ఉండగా చేయాల్సిన పనులు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో పిస్టన్ విమానాలకు ఆ కేటగిరీ బి1.2. సంతకం వాళ్లది, నేర్చుకోవడం మనది.

వచ్చే భాగంలోపు ఈ స్నాగ్‌ను కాగితం మీద తేల్చండి. విమానం 172పి. ఎల్‌లో 60 పడింది, సాఫీగా. ఆర్‌లో 170 పడింది, మిస్ కొడుతూ. లీన్ చేసి కాల్చి చూసినా మారలేదు. ఆర్ మీద నడిపి ఆపితే 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ చల్లగా ఉంది. దాని పై, కింది ప్లగ్గులు తారుమారు చేశారు. మళ్లీ ఆర్‌లోనే మిస్సింగ్. అనుమానించాల్సిన తీగ 3వ సిలిండర్ పై ప్లగ్గుదా, కింది ప్లగ్గుదా? ముందుగా ఏది విప్పుతారు, ఏది ముట్టుకోకుండా వదిలేస్తారు? హార్నెస్ టెస్టర్ (ప్లగ్ తీగల్ని పరీక్షించే పనిముట్టు) పట్టుకుని అయిదో భాగాన్ని ఈ సిలిండర్ దగ్గరి నుంచే మొదలుపెడదాం.