పయోసయనిన్ కొలవడం: సూడోమోనాస్ నీలం ఎక్కడ మోసం చేస్తుంది

సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా పెరిగిన ఫ్లాస్కును షేకర్ నుంచి తీసి బల్ల మీద ఊరికే వదిలేయండి. నీలిపచ్చగా ఉన్న బ్రాత్ (పోషక ద్రవం) కాసేపటికి అడుగు నుంచి వెలిసిపోతుంది. గట్టిగా ఊపితే నీలం తిరిగొస్తుంది. ఆ రంగు ఈ బ్యాక్టీరియా తయారుచేసే పయోసయనిన్ అనే పదార్థానిది. ఆక్సిజన్ తగిలితే నీలం. బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసుకుని పయోసయనిన్‌ను క్షయకరణం చేస్తే రంగే ఉండదు. అందుకే కంటితో చూసి "రంగు తగ్గింది" అని రికార్డులో రాయకూడదు, కొలవాలి.

1882లో గెస్సార్డ్ గాయాల కట్టుగుడ్డల మీది నీలిపచ్చ మరకల నుంచే ఈ బ్యాక్టీరియాను వేరు చేశాడు. వెంటిలేటర్ మీదున్న రోగుల ఊపిరితిత్తుల్లో, కాలిన గాయాల్లో, కాథెటర్ల మీద ఇది ఇప్పటికీ ఆసుపత్రుల మొండి శత్రువే. పయోసయనిన్ మన కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టించి దెబ్బతీస్తుంది. దాని తయారీ బ్యాక్టీరియా ఒకదానికొకటి పంపుకునే రసాయన సిగ్నళ్ల చేతిలో ఉంటుంది, ఈ మాటామంతీనే క్వోరం సెన్సింగ్ అంటారు. సాధారణ బ్రాత్‌లో ముందు లాస్ అనే సిగ్నల్ వ్యవస్థ మేలుకుంటుంది, అది ఆర్‌హెచ్‌ఎల్, పీక్యూఎస్ వ్యవస్థలను లేపుతుంది. పయోసయనిన్‌ను తయారుచేసే ఫెనజీన్ జన్యువులు పనిలోకి దిగేది ఆ తర్వాతే. అంటే పయోసయనిన్ గొలుసు చివర ఉంది. పై మెట్లలో ఎక్కడ ఏది చెడినా ఇది తగ్గుతుంది. మొక్కల సారాలతో "క్వోరం సెన్సింగ్ నిరోధం" ప్రాజెక్టులు చేసేవారు తడబడేది సరిగ్గా ఇక్కడే.

కల్చర్ సంగతి. ల్యాబుల్లో వాడే సూడోమోనాస్ రకం పీఏఓ1 స్ట్రెయిన్‌ను మైనస్ 80 డిగ్రీల గ్లిసరాల్ స్టాక్ నుంచి ప్రతిసారీ కొత్తగా ప్లేటు మీదికి తీయండి. ఫ్రిజ్‌లోని ప్లేటు నుంచి ప్లేటుకు నెలల తరబడి మారుస్తూ పోతే లాస్ వ్యవస్థను నడిపే లాస్‌ఆర్ జన్యువు చెడిన మ్యూటెంట్లు పేరుకుపోతాయి. కాలనీ మీద లోహపు తళుకు కనిపిస్తే వెంటనే అనుమానించాలి. ఒక కాలనీని ఎల్‌బీ బ్రాత్‌లో రాత్రంతా పెంచి, ఓ.డి. (ద్రవం ఎంత మసకగా ఉందో, అంటే బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చెప్పే కొలత) 600 నానోమీటర్ల దగ్గర 0.05 వచ్చేలా కొత్త బ్రాత్‌లో కలపండి. 250 మి.లీ. ఫ్లాస్క్‌లో 25 మి.లీ. మించొద్దు. 37 డిగ్రీలు, 200 ఆర్‌పీఎం, 24 గంటలు. గాలి చాలకపోతే రంగు పడిపోతుంది, ఫ్లాస్క్ నింపేసి, రంగు తగ్గింది సారం వల్లే అని మెచ్చుకోవడం మామూలుగా జరిగే పొరపాటే. ఎల్‌బీలో రంగు మరీ పలచగా వస్తే కింగ్స్ ఎ బ్రాత్ వాడండి: లీటరుకు పెప్టోన్ 20 గ్రా., పొటాషియం సల్ఫేట్ 10 గ్రా., మెగ్నీషియం క్లోరైడ్ 1.4 గ్రా., గ్లిసరాల్ 10 మి.లీ. కింగ్స్ బి ఇందుకు పనికిరాదు, అది పయోవెర్డిన్ అనే మెరిసే పసుపుపచ్చ రంగు కోసం.

వెలికితీత ఫ్యూమ్ హుడ్‌లోనే. ముందు ఓ.డి. చూసుకోండి. 24 గంటల కల్చర్‌ను పది రెట్లు పలచన చేయకుండా చూస్తే ఆ రీడింగ్‌ను నమ్మలేం. సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జి దగ్గర 10 నిమిషాలు తిప్పి పై ద్రవం 5 మి.లీ. తీసుకోండి. 3 మి.లీ. క్లోరోఫాం పోసి బాగా కలపండి. నీలం కింది పొరలోకి దిగుతుంది, పయోవెర్డిన్ పైన నీళ్లలోనే ఉండిపోతుంది. మధ్యలో తెల్లటి నురగ పొర నిలిస్తే మళ్లీ తిప్పండి. దాన్ని పిపెట్‌తో లాగారంటే రీడింగ్ పాడైనట్టే. కింది పొరను మరో గొట్టంలోకి మార్చి, 0.2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 మి.లీ. కలిపి ఊపండి. ఈసారి పైపొర గులాబీ ఎరుపుగా మారుతుంది. దాన్ని 520 నానోమీటర్ల దగ్గర, అదే ఆమ్లం బ్లాంక్‌గా చదివి, 17.072తో గుణిస్తే మి.లీ.కు మైక్రోగ్రాములు వస్తాయి. 5, 3, 1 కొలతలు మారిస్తే మీ అంకెను ఇతరుల అంకెలతో పోల్చలేరు.

గొట్టాలు గాజువి గానీ పాలీప్రొపిలీన్‌వి గానీ అయి ఉండాలి. క్లోరోఫాం పాలీస్టైరీన్‌ను కరిగించేస్తుంది. పాలీస్టైరీన్ క్యూవెట్‌లో ఒక్క చుక్క పడినా గోడ మసకబారి రీడింగ్ పెరుగుతుంది. పలచని నైట్రైల్ గ్లవ్స్‌లోంచి అది నిమిషాల్లో చర్మానికి చేరుతుంది, మీద పడితే వెంటనే మార్చండి.

సారాన్ని పరీక్షించేటప్పుడు మొదట ఎంఐసీ (ఎదుగుదలను ఆపే కనీస మోతాదు) కనుక్కోండి, పనిచేయాల్సింది దానికి బాగా దిగువనే. ఓ.డి. తగ్గితే రంగు ఎటూ తగ్గుతుంది, అది సిగ్నల్ ఆపడం కాదు. ఒక్క ఓ.డి. చాలదు, రెండు మూడు గంటలకోసారి చూసి పెరుగుదల గీత గీయండి. ఎదుగుదల ఆలస్యమై చివరికి అదే ఓ.డి. చేరినా పయోసయనిన్‌కు సమయం చాలి ఉండదు. సారాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ 0.5 శాతం దాటనివ్వకండి, అదే మోతాదుతో విడి కంట్రోల్ పెట్టండి. పాజిటివ్ కంట్రోల్‌గా మి.లీ.కు 2 మైక్రోగ్రాముల అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ బాగా పనికొస్తుంది, పీఏఓ1 ఎదుగుదలను ఆపకుండానే సిగ్నళ్లను తగ్గిస్తుంది.

సారానికీ సొంత రంగు ఉంటుంది. నేరేడు, దానిమ్మ వంటి వాటిలోని ఆంథోసయనిన్లు ఆమ్లంలో ఎర్రబడి దాదాపు 520 దగ్గరే కాంతిని పీల్చుకుంటాయి. అవి క్లోరోఫాంలోకి పెద్దగా దిగవు, కానీ నురగతో పాటు కొంచెం వచ్చినా లెక్క తప్పుతుంది. అందుకే బ్యాక్టీరియా వేయని బ్రాత్‌లో సారం కలిపి అదే వరసలో కొలిచి, ఆ అంకెను తీసేయాలి. ఇంకోటి చాలామంది చేయరు: సారం లేకుండా పెంచిన కల్చర్ పై ద్రవంలో సారం కలిపి, గంట ఆగి కొలవండి. అప్పుడూ రంగు పడిపోతే మీ సారం బ్యాక్టీరియా మాటలేమీ ఆపలేదు, తయారైన పయోసయనిన్‌నే చెడగొట్టింది.

ఇవన్నీ దాటినా మీరు చూపింది "పయోసయనిన్ తగ్గింది" అన్నంత వరకే. ఫాస్ఫేటో ఇనుమో మారినా అది మారుతుంది. సిగ్నల్ మాట ఎత్తాలంటే లాస్, ఆర్‌హెచ్‌ఎల్ రిపోర్టర్ స్ట్రెయిన్లలో (ఆ వ్యవస్థ పనిచేస్తే వెలుగో రంగో చూపేలా మార్చినవి) విడిగా చూడాలి. సిగ్నల్ అందితే ఊదారంగు చూపే మరో బ్యాక్టీరియా, క్రోమోబ్యాక్టీరియం వయొలేసియం సీవీ026తో పరీక్ష సులువే గానీ, అది పొట్టి గొలుసు సిగ్నళ్లకే స్పందిస్తుంది, లాస్ సిగ్నల్ పొడవైనది.

మిగిలిన కల్చర్‌ను 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి. క్లోరోఫాం తగిలినదేదీ ఆటోక్లేవ్‌లోకి గానీ సింకులోకి గానీ పోకూడదు, హాలోజన్ వ్యర్థాల సీసాలోకే. ఆ సీసాలో అసిటోన్ గానీ క్షారం గానీ పోయొద్దు, వేడెక్కి పేలవచ్చు.