కోడిపెట్టతో మొదలుపెట్టండి: పక్షుల టాక్సిడెర్మీ ఎలా చేయాలి?

కోరింగ మడ అడవుల్లో పక్షులను చూసొచ్చాక చాలామందికి టాక్సిడెర్మీ మీద, అంటే చచ్చిన పక్షి చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి బతికున్నట్టే బొమ్మగా నిలబెట్టే ఈ విద్య మీద, మనసు పోతుంది. అయితే అడవి పక్షి జోలికి వెళ్లవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చి దొరికిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే.

నేర్చుకోవడానికి లేత నాటుకోడి పెట్ట చాలు. పుంజు తురాయి ఎండితే ముడుచుకుపోతుంది. బాతు చర్మానికి కొవ్వు విపరీతం. ఫారం కోడికి ఈకలు పలచన. కూరకని కోసిన ఆరోగ్యమైన కోడినే తీసుకోండి, మెడ మీది గాటును తర్వాత కుట్టుకోవచ్చు. జబ్బుతో చచ్చినదాన్ని ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరవకండి. గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

ముందుగా నోట్లో, గాటు దగ్గర దూది పెట్టండి. ఈకలను పాయ తీసి, రొమ్ము ఎముక మీదుగా మలద్వారం ముందు వరకు చర్మాన్ని మాత్రమే కోయండి. లోపలి పొర తెగితే పేగుల మురికి ఈకలకు పడుతుంది. ఆ తర్వాత బ్లేడు కన్నా వేళ్లకే పని ఎక్కువ. తడి కనిపించిన చోటల్లా వెలిగారం (బోరాక్స్) పొడి చల్లుతూ చర్మాన్ని మెల్లగా ఒలవండి. కాళ్లను మోకాలి కీలు దగ్గర, రెక్కలను భుజం దగ్గర విడదీయండి. తోక ఈకలు నాటుకున్న ఎముకను చర్మానికే వదిలేయండి. మెడ చర్మాన్ని పుర్రె దాకా తిరగేసి కళ్లు, నాలుక, మెదడు తీసేయండి.

ఒలిచిన కళేబరాన్ని వెంటనే పారేయవద్దు. నా దృష్టిలో ఈ విద్యకు అసలు గురువు అదే. కాగితం మీద పక్కవాటుగా పడుకోబెట్టి చుట్టూ గీత గీయండి. రొమ్ము చుట్టుకొలత దారంతో తీయండి. తొడలు ఎక్కడ మొదలవుతున్నాయో గుర్తు పెట్టండి. పెరట్లో తిరిగే కోళ్లనూ గమనించండి: నిలబడినప్పుడు బరువు ఎటు పడుతుంది, మెడ ఎంత వంగుతుంది? ఆ గీతకు సరిపోయేలా కొబ్బరి పీచును దారంతో బిగించి చుడితే బొమ్మ శరీరం తయారవుతుంది. రవ్వంత చిన్నదైనా ఫరవాలేదు, పెద్దదైతే మాత్రం కుట్టు కలవదు.

చర్మానికి అంటిన కొవ్వంతా గీకి, గిన్నెలు తోమే ద్రవంతో కడిగి, ఈకలు పొంగేదాకా హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. లోపలివైపు వెలిగారం దట్టంగా పట్టించండి. కాళ్లలో, రెక్కల్లో, మెడలో గట్టి జీఐ తీగ దూర్చి పీచు శరీరానికి బిగించండి. కంటి గుంటల్లో బంకమట్టి పెట్టి గాజు కళ్లు అమర్చి, చర్మాన్ని కుట్టేయండి. ఈకలు సర్ది, కదలకుండా పైన దారం చుట్టండి.

గోదావరి డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలంలో బూజు పట్టడం ఖాయం. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య చేయడం మేలు. ఎండలో పెడితే ఈకల రంగు వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను కింద రెండు మూడు వారాలు ఆరనివ్వండి. మొహం, కాళ్ల రంగు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి పలచగా పెయింటు వేయండి. చీమలు, పురుగులు చేరకుండా సందులు లేని గాజు పెట్టెలో ఉంచండి.