లో-బ్యాండ్ రిసీవింగ్ పాఠాలు – 7: ప్రీయాంప్ ఎప్పుడు?

హ్యామ్ రేడియోలో లో-బ్యాండ్లు, అంటే 160, 80 మీటర్ల బ్యాండ్లు, వినడానికి పోయిన పాఠంలో ఫ్లాగ్ లూప్ అనే చిన్న రిసీవింగ్ యాంటెన్నా కట్టించినప్పటి నుంచీ ఒకటే గోల: "ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) ముల్లు లేవడం లేదు, ఏ ప్రీయాంప్ (రిసీవర్ ముందు సిగ్నల్‌ను పెంచే పరికరం) కొనమంటారు?" బెంగళూరు మారతహళ్ళిలో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కట్టినవాళ్ళు కొందరు అప్పుడే ఆర్డర్ కూడా పెట్టేశారు.

ముల్లు లేవకపోవడం తప్పేమీ కాదు. ఫ్లాగ్ గెయిన్ 160 మీటర్లలో సుమారు మైనస్ 30 డీబీఐ, అంటే అన్ని దిక్కులా సమంగా పట్టే ఊహా యాంటెన్నా కన్నా 30 డెసిబెల్స్ (డీబీ) తక్కువ. సిగ్నలూ తగ్గుతుంది, హోరూ తగ్గుతుంది. మనకు కావలసింది ఆ రెండింటి మధ్య తేడా. ప్రీయాంప్ రెండింటినీ కలిపే లేపుతుంది. ముల్లు లేచింది కాబట్టి బాగా వినిపిస్తోందని రాసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు.

చూడాల్సింది రిసీవర్ సొంత హోరు మీద బ్యాండ్ హోరు తేలుతోందా లేదా అనే. ఏజీసీ (గెయిన్‌ను తనంతట తానే సర్దే సర్క్యూట్) ఆపి, మీరు వాడేవాటిలో అన్నిటికన్నా సన్నటి ఫిల్టర్ పెట్టండి. టెర్రస్ మీద లూప్ నుంచి కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) విప్పి ఆ చివర 50 ఓముల రెసిస్టర్ తగిలించి వినండి, తర్వాత లూప్ కలిపి వినండి. హోరు స్పష్టంగా పెరిగితే ప్రీయాంప్ వద్దు. పెరగకపోతే ముందు రేడియోలో ఉన్న ప్రీయాంప్ బటనే నొక్కండి. అదీ చాలకపోతేనే కొనండి.

రెసిస్టర్‌ను రేడియో వెనకే పెట్టి పని ముగించకండి. లిఫ్ట్ మోటార్ గోల కోయాక్స్ పైతొడుగు పట్టుకుని వస్తుంటే దాన్ని బ్యాండ్ హోరు అనుకుంటారు. టెర్రస్ చివర రెసిస్టర్ ఉన్నప్పుడు కూడా ఆ గోల వినిపిస్తే మీకు కావలసింది ఫెర్రైట్ రింగులు (పైతొడుగు మీద వచ్చే గోలను అడ్డుకునేవి), ప్రీయాంప్ కాదు.

బెవరేజ్ (నేలకు దగ్గరగా చాలా పొడవుగా లాగే తీగ యాంటెన్నా) కట్టేంత జాగా ఉన్న అదృష్టవంతులకు సాధారణంగా ప్రీయాంప్ అవసరం పడదు. ప్రీయాంప్‌ను టెర్రస్ ఎక్కించక్కర్లేదు కూడా. 1.8 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల మంచి కోయాక్స్‌లో పోయేది ఒక డీబీ లోపే. నేనైతే రేడియో పక్కనే పెడతాను.

బెంగళూరులో ఇంకో చిక్కుంది. ఆకాశవాణి 612 కిలోహెర్ట్జ్, మూడు రెట్లు చేస్తే 1836, అంటే 160 మీటర్ల దగ్గరే. మరీ బలమైన సిగ్నల్ పడితే ప్రీయాంప్ ఆ మూడో రెట్టును తనలోనే పుట్టించగలదు. ప్రీయాంప్ వేయగానే అక్కడ కన్నడ వార్తలు మొదలైతే దాని ముందు 6 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) పెట్టండి. గాలిలోంచి వచ్చిన సిగ్నల్ 6 డీబీ తగ్గుతుంది, ప్రీయాంప్ పుట్టించినదైతే సుమారు 18. ఈ రెండోది జరిగితే ప్రీయాంప్ ముందు హై-పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) తప్పదు.

అభ్యాసం: 160, 80 మీటర్లు రెండింటిలో, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సూర్యోదయానికి ముందు ఒకసారి, లిఫ్ట్ నడుస్తుండగా, ఆగి ఉండగా, వారం పాటు పట్టిక రాయండి. రెసిస్టర్ ఏ చివర పెట్టారో రాయని పట్టికలు నేను చూడను.