సేవా సంస్థకు డాట్ ఎన్జీవో పేరు తీసుకోవడం ఎలా?

విశాఖపట్నంలో ఎన్జీవో అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది సేవా సంస్థ కాదు, గెజిటెడ్ హోదా లేని ప్రభుత్వోద్యోగి. అక్కయ్యపాలెం దగ్గరి ఎన్జీజీవోస్ కాలనీకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ చిరునామా చివర వచ్చే 'డాట్ ఎన్జీవో' అనే తోక మాత్రం సర్కారుతో సంబంధం లేని సంస్థల కోసం పెట్టినది. మా సంఘం కార్యవర్గ సమావేశంలో ఈ మాట ఎత్తితే మొదటి పావుగంట ఈ తేడా చెప్పడానికే సరిపోయింది. మీరూ అందుకు సిద్ధపడండి.

డాట్ ఆర్గ్ ఉండగా ఇదెందుకని అడిగేవారికి ఒకే సమాధానం. డాట్ ఆర్గ్ 1985 నుంచి ఉంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. చందాలు దండుకుని మాయమయ్యేవాడికీ దొరుకుతుంది, ముప్పై ఏళ్లుగా అనాథాశ్రమం నడుపుతున్నవారికీ దొరుకుతుంది. డాట్ ఎన్జీవో 2015లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. రెండింటినీ నడిపేది పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీ అనే ఒకే సంస్థ. కానీ రెండోదానికి అర్హత నియమాలున్నాయి. సంస్థ ప్రజాహితం కోసం పనిచేస్తూ ఉండాలి, లాభాలు పంచుకోకూడదు, రాజకీయ పార్టీ కాకూడదు, ప్రభుత్వ శాఖలో భాగం కాకూడదు, చట్టబద్ధంగా నడవాలి. పేరు కొనేటప్పుడు ఇవన్నీ నిజమని మీరే ధ్రువీకరిస్తారు. తర్వాత రుజువులు అడిగితే చూపించాలి, చూపించలేకపోతే పేరు పోతుంది. ఖరీదు డాట్ ఆర్గ్ కంటే ఎక్కువే. అయినా ఇదే తీసుకోవాలంటాను.

దీనితో పాటు డాట్ ఓఎన్‌జీ అనే జోడీ పేరు కూడా వస్తుంది. స్పానిష్, ఫ్రెంచ్ వంటి భాషల్లో ఎన్జీవోను అలా అంటారు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని సంబరపడకండి. రెండూ ఒకే ముడి: రెన్యూవల్, బదిలీ, రద్దు అన్నీ కలిసే జరుగుతాయి.

ముందుగా కాగితాలు. సొసైటీ అయితే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (మన దగ్గర 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందది), ట్రస్టు అయితే ట్రస్టు డీడు, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగా పెట్టినదైతే ఆ సర్టిఫికెట్. వాటితో పాటు సంస్థ పాన్ కార్డు, నియమావళి, ప్రస్తుత కార్యవర్గం జాబితా, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ (సేవా సంస్థలు నమోదయ్యే సర్కారు సైటు) నంబరు ఉంటే అదీ. స్కాన్ చేయించండి. ఫోనుతో వంకరగా తీసిన ఫొటోలు పనికిరావు. ద్వారకానగర్‌లో ఏ జిరాక్సు సెంటర్‌కు వెళ్లినా పది నిమిషాల పని.

తర్వాత పేరు ఎంపిక. పొట్టిగా ఉండాలి, హైఫన్ ఉండకూడదు. ఉంచవచ్చని నిబంధనలు చెబుతాయి, నేను ఒప్పుకోను. ఫోనులో పేరు చెప్పేటప్పుడు 'మధ్యలో అడ్డగీత' అనాల్సి వచ్చిందంటే సగం మంది తప్పుగా టైపు చేస్తారు. ఊరి పేరు అసలే వద్దు. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, ఒకప్పుడు రైల్వే వాళ్లు పిలిచిన వాల్తేరు: ఇన్ని పేర్లున్న ఊరిని ఏ స్పెల్లింగులో వెతుకుతారో ఎవరికి తెలుసు?

ఇక అసలు చిక్కు దరఖాస్తులో 'సంస్థ పేరు' అనే గడి దగ్గర వస్తుంది. ఇక్కడ నిదానించాలి. తిరస్కరణలకైనా, తర్వాత పుట్టే తగాదాలకైనా మూలం నేను చూసినంతలో ఈ గడే.

ఉదాహరణకు మీ సంస్థ పేరు చివర 'సేవా సమితి' అని ఉందనుకోండి. సర్టిఫికెట్ తెలుగులో ఉంది. పాన్ కార్డు తీసుకున్నప్పుడు ఎవరో 'సమితి'ని ఇంగ్లీషులో టీ తర్వాత హెచ్ పెట్టి రాశారు, మనవాళ్ల అలవాటు అది. బ్యాంకులో గుమాస్తా హెచ్ తీసేశాడు. లెటర్‌హెడ్ అచ్చువేసినవాడు 'సేవ'లో వీకి బదులు డబుల్యూ వేశాడు. 'శ్రీ' ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, మూడు కాగితాల్లో మూడు శ్రీలు. మనకు ఇవన్నీ ఒకే సంస్థ. ఎక్కడో విదేశంలో కూర్చుని కాగితాలు చూసే మనిషికి నాలుగు వేర్వేరు సంస్థలు.

అందుకని పాన్ కార్డు మీద ఉన్న అక్షరాలే ప్రమాణంగా పెట్టుకోండి. అందులో స్పెల్లింగు వికారంగా ఉన్నా సరే, అదే గడిలో నింపండి. సర్టిఫికెట్‌కు ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ చేత ధ్రువీకరింపజేయండి. తర్వాత లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాల ఉత్తరం: సర్టిఫికెట్‌లోని తెలుగు పేరు, పాన్ కార్డులోని ఇంగ్లీషు పేరు ఒకే సంస్థవని. అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేసి రబ్బరు స్టాంపు వేయాలి. ఎవరూ అడగకముందే ఈ ఉత్తరం సిద్ధంగా ఉంచుకోండి. అడిగాక పరుగులు తీస్తే అధ్యక్షుడు సరిగ్గా ఆ వారమే తిరుపతి వెళ్తాడు.

చిరునామాకూ ఇదే వర్తిస్తుంది. మద్దిలపాలెంలో అద్దెగదిలో మొదలై ఇప్పుడు గాజువాకలో ఉన్న సంస్థలు కాగితాల మీద ఇంకా మద్దిలపాలెంలోనే ఉంటాయి. ముందు సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర చిరునామా మార్పించి, ఆ తర్వాతే డొమైన్ (అంటే వెబ్‌సైట్ పేరు) అమ్మే కంపెనీ దగ్గరకు వెళ్లండి, దాన్నీ రిజిస్ట్రార్ అనే అంటారు. పేరు ఒకటే గానీ ఈ ఇద్దరు రిజిస్ట్రార్లకూ ఏ సంబంధమూ లేదు.

'సంస్థ పేరు' గడిలో మనిషి పేరు మాత్రం రాయనివ్వకండి. ఇది మాకు తగిలిన దెబ్బ. కంప్యూటర్ తెలిసిన కుర్రవాడు, మంచివాడే, మా పాత డాట్ ఆర్గ్ పేరును తన పేరుతో, తన ఈమెయిల్‌తో, తన కార్డుతో కొన్నాడు. రెండేళ్లకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. రెన్యూవల్ హెచ్చరికలు అతను తెరవడం మానేసిన మెయిల్‌కు వెళ్లాయి. గడువు దాటాక కొన్ని వారాల వెసులుబాటు ఉంటుంది, ఆ తర్వాత అదనపు రుసుముతో తిరిగి తెచ్చుకునేందుకు 30 రోజులుంటాయి. మాకు ఏదీ తెలియలేదు. ఒకరోజు ఒక దాత ఫోను చేసి, 'ఏమండీ, మీ వెబ్‌సైట్‌లో పేకాట ఆడిస్తున్నారా?' అన్నారు. చూస్తే నిజంగానే పేకాట, గడువు దాటిన ఆ పేరును వేరెవరో కొనేశారు. కాగితం మీద ఆ పేరు ఎన్నడూ మాది కాదు, కాబట్టి అడిగే హక్కూ లేకపోయింది.

వెబ్‌సైట్ చేసేవాళ్లు 'పేరు కూడా మేమే చూసుకుంటాం సార్' అంటారు. వద్దనండి. సైటు వాళ్లను చేయనివ్వండి, పేరు మీరే కొనండి. ఖాతా సంస్థ పేరుతో, డబ్బు సంస్థ బ్యాంకు ఖాతా నుంచి, రసీదు క్యాష్ బుక్కులోకి. ఈమెయిల్ కూడా కార్యదర్శి సొంతది కాకుండా పదవికి చెందినది ఉండాలి. అది కొత్త డొమైన్ మీదదే కాకుండా చూడండి, ఎందుకంటే డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, ఆగిందని చెప్పే మెయిల్ కూడా మీకు చేరదు.

మిగతాది తేలిక. డబ్బు కట్టగానే ధ్రువీకరణ మెయిల్ వస్తుంది, అందులోని లింకు నొక్కాలి. 15 రోజుల్లో నొక్కకపోతే పేరును స్తంభింపజేస్తారు. స్పామ్ పెట్టెలోనూ వెతకండి. ఒకేసారి పదేళ్ల వరకు కట్టవచ్చు, కానీ ఐదేళ్లే సరైన గడువు. అంతకన్నా ఎక్కువైతే ఎప్పుడు కట్టారో గుర్తున్నవాళ్లు కార్యవర్గంలో మిగలరు.

ఆఖరున ఖాతా వివరాలు, గడువు తేదీ ఒక కాగితం మీద అచ్చుతీసి, కవరులో పెట్టి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్న ఫైలులోనే ఉంచండి. కార్యదర్శి మారిన రోజున క్యాష్ బుక్కు, మినిట్స్ పుస్తకం, రబ్బరు స్టాంపుతో పాటు ఆ కవరు కూడా అప్పగించినట్టు సంతకం తీసుకోవాలి.